అద్దె ఇంటికి పాత పన్ను

మన ఊళ్లో ఇంటి పన్ను ఎవరు కడతారు? ఇల్లు ఎవరిదైతే వాళ్లు కడతారు. పంచాయతీ నోటీసు మీద యజమాని పేరే ఉంటుంది. అద్దెకున్న వాళ్లు అద్దె ఇస్తారు, కరెంటు బిల్లు కడతారు. ఇంటి పన్ను సంగతి వాళ్లకు పట్టదు.

ఇంగ్లండు దేశంలో అట్లా కాదు. అక్కడ ఇంట్లో ఎవరు కాపురం ఉంటే పన్ను వాళ్లే కట్టాలి. ఇల్లు వాళ్లది కాకపోయినా సరే. ఆ పన్నును కౌన్సిల్ టాక్స్ అంటారు. కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటిది.

ఆ దేశం సంగతి మనకెందుకు అనుకోవద్దు. మన తెలుగు జిల్లాల నుంచి చాలామంది పిల్లలు పై చదువులకు ఇంగ్లండు వెళ్లారు. పొలం తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రులున్నారు. బ్యాంకు అప్పు తెచ్చి పంపిన వాళ్లున్నారు. "అమ్మా, ఇంటి పన్ను బాకీ రెండు వేల పౌన్లు కట్టమని కాగితం వచ్చింది" అని కొడుకు ఫోను చేస్తే ఇక్కడ ఇంట్లో ఎవరికీ అన్నం దిగదు. పౌను అంటే అక్కడి రూపాయి. మన డబ్బులో ఒక్క పౌను నూరు రూపాయలు దాటుతుంది. అంటే రెండు లక్షల పైమాటే.

అయితే ఆ కాగితంలో వేసిన అంకె అంతా కట్టాల్సి ఉండకపోవచ్చు. అంతా కట్టాల్సి రావచ్చు కూడా. ఏది నిజమో తేల్చేది తేదీలు. ఏ తేదీన ఇంట్లో చేరారు? ఏ తేదీ దాకా చదువుకున్నారు? ఎవరెవరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నారు? ఈ తేదీలకు రుజువు కాగితాలు ఉన్నాయా? ఆ కాగితం కథ అంతా వీటి మీదే నడుస్తుంది.

ఈ పన్ను ఎట్లా వచ్చింది

ఈ పన్ను మరీ పాతది కాదు. దీనికి ముందు అక్కడ తలపన్ను ఉండేది. స్కాట్లండులో 1989లో, ఇంగ్లండులోనూ వేల్స్ లోనూ 1990లో ఆ తలపన్ను పెట్టారు. పెద్ద బంగళాలో ఉన్న ఆసామికీ, చిన్న గదిలో ఉన్న కూలికీ ఒకే తీరున పన్ను పడింది. మరీ పేదవాళ్లకు కొంత తగ్గింపు ఇచ్చారు గానీ జనం ఒప్పుకోలేదు. 1990 మార్చి 31న లండన్ నగరంలో ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర పెద్ద ఊరేగింపు జరిగింది. అది కొట్లాటగా మారింది. ఆ ఏడాది నవంబరులో ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్ పదవి వదులుకుంది. అందుకు తలపన్ను కూడా ఒక కారణం. 1993 ఏప్రిల్ 1 నుంచి తలపన్ను పోయి కౌన్సిల్ టాక్స్ వచ్చింది.

ఇంగ్లండులో ఇళ్లన్నిటినీ ఎనిమిది తరగతులు చేశారు. ఏ నుంచి హెచ్ వరకు ఎనిమిది అక్షరాలు. 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు అమ్మితే ఎంత పలికేదో చూసి తరగతి వేస్తారు. 40 వేల పౌన్ల లోపు అయితే ఏ తరగతి. 3 లక్షల 20 వేలు దాటితే హెచ్ తరగతి. హెచ్ ఇంటికి పడే పన్నులో మూడో వంతు ఏ ఇంటికి పడుతుంది.

నిన్న గాక మొన్న కట్టిన ఇంటికి కూడా 1991 ధరే కడతారు. అప్పట్లో ఈ ఇల్లు ఉండి ఉంటే ఎంత పలికేది అని ఊహించి రాస్తారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది. కానీ అక్కడి చట్టం అదే.

పన్ను ఎంత అనేది ఏటా ఆ ఊరి కౌన్సిల్ నిర్ణయిస్తుంది. ఊరికో తీరు. 2025-26 సంవత్సరానికి ఇంగ్లండులో నడిమి తరగతి డి ఇంటికి సగటున 2,280 పౌన్లు పడింది. ఏ తరగతి ఇంటికి అందులో మూడింట రెండు వంతులు, అంటే 1,520 పౌన్లు. ఈ డబ్బుతో చెత్త ఎత్తిస్తారు, రోడ్లు బాగు చేస్తారు, గ్రంథాలయాలు నడుపుతారు. దిక్కులేని పిల్లల్నీ మంచాన పడ్డ ముసలివాళ్లనీ చూసుకోవడానికి పెద్ద ఖర్చు అవుతుంది. పోలీసులకు, ఫైరింజన్లకు కూడా ఇందులోంచే కొంత వాటా పోతుంది.

పాత బంగళా, కొత్త పోర్షన్లు

ఇప్పుడు అసలు చిక్కు చూద్దాం. ఉండే ఇంటికి ఏటా పన్ను వస్తుంది, కడతారు. మరి పాత బాకీ ఎక్కడ నుంచి పుడుతుంది?

మన టౌన్లలో ఒక ఇంటిని నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిస్తారు కదా. అక్కడా అంతే. పాత పెద్ద ఇల్లు ఒకటి ఉంటుంది. యజమాని మధ్యలో గోడలు పెట్టిస్తాడు. ఒక్కో భాగానికి వేరే తలుపు, వేరే వంటగది, వేరే స్నానాల గది కట్టిస్తాడు. ఒక ఇల్లు నాలుగు ఇళ్లు అవుతుంది. దుకాణం మీది అంతస్తు ఇల్లు అవుతుంది. పాత ఆఫీసు కూడా ఇళ్లు అవుతుంది. ఆఫీసులను ఇళ్లుగా మార్చడానికి ఇంగ్లండు ప్రభుత్వం 2013 మే నెలలో నిబంధనలు సడలించింది. ఆ తర్వాత అట్లాంటి చిన్న చిన్న ఫ్లాట్లు బాగా పెరిగాయి.

నాలుగు ఇళ్లు అయ్యాయి గానీ, పన్ను పుస్తకంలో ఇంకా ఒకటే ఇల్లు ఉంటుంది. లేకపోతే ఆఫీసు అనే ఉంటుంది. కౌన్సిలుకు సంగతి తెలియాలి. కౌన్సిల్ దాన్ని ప్రభుత్వ మదింపు అధికారికి చెప్పాలి. ఆయనను లిస్టింగ్ ఆఫీసర్ అంటారు. ఆయన వివరాలు చూసి ఒక్కో ఫ్లాటుకు ఒక్కో తరగతి వేసి జాబితాలో ఎక్కించాలి. ఆ తర్వాతే కౌన్సిల్ బిల్లు రాస్తుంది. ఇదంతా కావడానికి నెలలు పడుతుంది. యజమాని చెప్పకుండా ఊరుకుంటే సంవత్సరం, రెండు సంవత్సరాలు కూడా పట్టవచ్చు.

ఈలోగా అద్దెకు చేరిన వాళ్లు ఏమనుకుంటారు? బిల్లు రాలేదు కాబట్టి పన్ను లేదు అనుకుంటారు. అద్దెలోనే కలిసి ఉంటుంది అనుకుంటారు. కొందరు యజమానులు నోటిమాటగా అట్లా చెబుతారు కూడా.

ఒకరోజు ఫ్లాటు జాబితాలోకి ఎక్కుతుంది. ఎక్కిన రోజు నుంచి కాదు లెక్క. ఫ్లాటు తయారైన రోజు నుంచి లెక్క. అద్దెకున్న వాళ్ల మీద మాత్రం వాళ్లు అందులో చేరిన రోజు నుంచే పడుతుంది. అంతకు ముందు రోజులకు బిల్లు వేస్తే ఆ భాగం వాళ్లది కాదు.

ఆలస్యం చేసింది యజమాని, లేదా ఆఫీసు. బాకీ పడేది అద్దెకున్న వాడి మీద. ఇది న్యాయంగా లేదు. కౌన్సిల్ వీలైనంత త్వరగా బిల్లు పంపాలని చట్టంలోనూ ఉంది. అయితే ఆలస్యమైంది కాబట్టి బిల్లు దానంతట అదే చెల్లకుండా పోదు. ఇట్లాంటి తగాదాలు కోర్టులకు వెళ్లాయి. ఆలస్యం ఎంత, దానివల్ల కట్టేవాడికి ఎంత నష్టం జరిగింది అని కోర్టు చూస్తుంది.

ఆరేళ్లు దాటితే అడగకూడదట అని కొందరు ధైర్యంగా ఉంటారు. అది సగమే నిజం. ఇంగ్లండులో ఆరేళ్లు అనే గడువు ఉంది. బాకీ కోసం కౌన్సిల్ కోర్టుకు వెళ్లడానికి ఆ గడువు. అది బిల్లు ఇచ్చి కట్టమన్న రోజు నుంచి మొదలవుతుంది, ఇంట్లో ఉన్న రోజుల నుంచి కాదు. బిల్లే రానప్పుడు గడువు మొదలే కాలేదు.

ఒక లెక్క చేసి చూద్దాం

ఒక కుర్రవాడు ఉన్నాడనుకుందాం. పోర్షన్లు చేసిన ఒక ఇంట్లో చిన్న ఫ్లాటు తీసుకున్నాడు. ఒక్కడే ఉంటాడు. 2023 అక్టోబరు 1న చేరాడు. చదువు 2024 సెప్టెంబరు 30న ముగిసింది. తర్వాత ఉద్యోగం దొరికింది. అదే ఫ్లాటులో ఉన్నాడు.

2025 ఏప్రిల్‌లో కౌన్సిల్ నుంచి కవరు వచ్చింది. 2023 అక్టోబరు 1 నుంచి 2025 మార్చి 31 వరకు పన్ను కట్టాలని ఉంది. మొత్తం 18 నెలలు. నిజానికి రోజుల లెక్కన వేస్తారు, ఏటికేడు రేటు మారుతుంది. మనకు సులువుగా ఉండటానికి నెలకు 120 పౌన్లు అనుకుందాం.

18 నెలలు, నెలకు 120. మొత్తం 2,160 పౌన్లు.

ఇప్పుడు తేదీలు చూడాలి. ఫుల్ టైం విద్యార్థి ఒక్కడే ఉన్న ఇంటికి, లేదా అందరూ అట్లాంటి విద్యార్థులే ఉన్న ఇంటికి పన్ను లేదు. కుర్రవాడు మొదటి 12 నెలలు విద్యార్థి. ఆ 12 నెలలు తీసేయాలి. మిగిలింది 6 నెలలు. ఆరు నూట ఇరవైలు 720 పౌన్లు.

ఇంకా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే పన్నులో నాలుగో వంతు తగ్గిస్తారు. 720లో నాలుగో వంతు 180. అది తీసేస్తే 540.

2,160 ఎక్కడ, 540 ఎక్కడ! కౌన్సిల్ ఎవరినీ మోసం చేయలేదు. అతను విద్యార్థి అని వాళ్లకు తెలియదు. ఒక్కడే ఉన్నాడనీ తెలియదు. చెప్పలేదు కాబట్టి పూర్తి పన్ను వేశారు. చెప్పి రుజువు చూపిస్తే వెనకటి తేదీ నుంచి మార్చి రాస్తారు. పన్ను ఎట్లా వెనకటి తేదీ నుంచి వస్తుందో మినహాయింపు కూడా అట్లాగే వెనకటి తేదీ నుంచి వస్తుంది. ఇది చాలామందికి తెలియదు. భయపడి అప్పు చేసి మొత్తం కట్టేస్తారు.

ఫుల్ టైం విద్యార్థి అంటే ఎవరు? కోర్సు కనీసం ఒక విద్యా సంవత్సరం ఉండాలి. ఏడాదిలో కనీసం 24 వారాలు, వారానికి సగటున 21 గంటలు చదువు ఉండాలి. యూనివర్సిటీని అడిగితే దీనికి ప్రత్యేకంగా సర్టిఫికెట్ ఇస్తుంది. అందులో కోర్సు మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉంటాయి. ముగిసిన తేదీ మర్నాటి నుంచి మినహాయింపు పోతుంది. పట్టా పుచ్చుకునే పండుగ ఎప్పుడో జరుగుతుంది, ఆ తేదీకి దీనితో పని లేదు.

విద్యార్థితో పాటు ఉద్యోగం చేసే స్నేహితుడు కూడా అదే ఇంట్లో ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు ఇల్లు పూర్తిగా విద్యార్థుల ఇల్లు కాదు. విద్యార్థిని లెక్కలోంచి తీసేస్తారు, ఉద్యోగి ఒక్కడే ఉన్నట్టు చూస్తారు. నాలుగో వంతు తగ్గించి మిగిలింది ఉద్యోగి కట్టాలి. ఇద్దరూ ఉద్యోగులై, అద్దె కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉంటే బాధ్యత ఉమ్మడి. ఒకడు చెప్పకుండా వెళ్లిపోతే కౌన్సిల్ మొత్తం రెండోవాడినే అడగవచ్చు. సగం నాది, సగం వాడిది అంటే కౌన్సిల్ వినదు. భార్యాభర్తలకూ ఇంతే.

గదికా, ఇంటికా

ఇంకో తేడా ఉంది. ఒక ఇంట్లో ఒక్కో గది ఒక్కొక్కరికి అద్దెకిస్తారు. వంటగది, స్నానాల గది అందరికీ ఒకటే. మన పిల్లలు చాలామంది మొదట ఇట్లాంటి గదుల్లోనే దిగుతారు, అద్దె తక్కువ కాబట్టి. ఇట్లా ఉమ్మడిగా వాడుకునే ఇంటికి పన్ను కట్టాల్సింది యజమాని.

ఇంతకు ముందు కొన్నిచోట్ల ఇట్లాంటి ఇళ్లలో ఒక్కో గదికి ఒక్కో తరగతి వేసేవారు. గదిలో ఉన్న వాడికి పెద్ద బిల్లు వచ్చేది. దీని మీద చాలా గోల జరిగింది. 2023 డిసెంబరు 1 నుంచి ఇంగ్లండులో నిబంధన మార్చారు. ఇప్పుడు ఇట్లాంటి ఇల్లంతటికీ ఒకటే తరగతి. పన్ను యజమానిది. మంచి మార్పు, కాస్త ఆలస్యంగా వచ్చింది.

అందుకని ముందు చూడాల్సింది తలుపు, వంటగది. సొంత తలుపు, సొంత వంటగది, సొంత స్నానాల గది ఉంటే అది వేరే ఇల్లు. పన్ను అద్దెకున్న వాళ్లది. వంటగది నలుగురిదీ అయితే ఇది యజమాని కట్టాల్సింది అని కౌన్సిలుకు రాయాలి.

వేరే ఇల్లే అయినా అద్దె కాగితంలో "కౌన్సిల్ టాక్స్ అద్దెలో కలిసి ఉంది" అని రాసి ఉండవచ్చు. అప్పుడు కౌన్సిల్ అద్దెకున్న వాడినే అడుగుతుంది. కానీ అతను ఆ కాగితం చూపి యజమాని దగ్గర ఆ డబ్బు రాబట్టుకోవచ్చు. నోటిమాట అయితే కష్టం. యజమాని ఫోనులో పంపిన మెసేజి ఉన్నా పనికొస్తుంది, తుడిచేయకుండా ఉంచాలి.

కాగితం వచ్చినప్పుడు

ముందు కవరు విప్పాలి. నవ్వులాట కాదు, భయంతో విప్పకుండా అరలో పెట్టేసే వాళ్లున్నారు. విప్పి పేరు సరిగా ఉందా చూడాలి. ఫ్లాటు నంబరు సరిగా ఉందా చూడాలి. పోర్షన్లు చేసిన ఇళ్లలో నంబర్లు తారుమారు అవుతుంటాయి. యజమాని "1" అంటాడు, జాబితాలో "కింది అంతస్తు ఫ్లాటు" అని ఉంటుంది. పక్క పోర్షన్ వాళ్ల బిల్లు మన తలుపు కింద పడవచ్చు.

తర్వాత ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా అని చూడాలి. అక్కడ కూడా పన్ను సంవత్సరం మన దగ్గర లాగే ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. ఒక్కో సంవత్సరానికి ఒక్కో బిల్లు ఉంటుంది. నడుస్తున్న సంవత్సరం బిల్లు వాయిదాల్లో కట్టవచ్చు. గడిచిపోయిన సంవత్సరం బిల్లు ఒకేసారి కట్టమంటారు, కనీసం 14 రోజుల గడువు ఇస్తారు. అది చూసి గుండె ఆగినంత పనవుతుంది. కానీ మాట్లాడితే దాన్ని కూడా నెల నెలా కట్టడానికి కౌన్సిళ్లు చాలాసార్లు ఒప్పుకుంటాయి. ఎంత కట్టగలరో లెక్క రాసి అడగాలి.

ఏ భాగం తప్పో ఆ భాగం గురించి కౌన్సిలుకు రాయాలి. ఫోనులో చెప్పినా సరే, రాసి కూడా పంపాలి. ఉత్తరం పెద్దది అక్కరలేదు. "నేను ఫలానా తేదీన చేరాను, అద్దె కాగితం జత చేశాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా విద్యార్థిని, సర్టిఫికెట్ జత చేశాను. ఒక్కడినే ఉన్నాను. లెక్క సరిచేసి కొత్త బిల్లు పంపండి." ఇంతే. పంపిన దాని నకలు దగ్గర ఉంచుకోవాలి.

కౌన్సిల్ రెండు నెలల్లో జవాబు ఇవ్వాలి. కాదన్నా, జవాబే ఇవ్వకపోయినా వేల్యుయేషన్ ట్రిబ్యునల్ అనే చోటికి వెళ్లవచ్చు. కాదన్న జవాబు వచ్చాక రెండు నెలల లోపు వెళ్లాలి. అక్కడ ఫీజు లేదు. వకీలు కూడా అక్కరలేదు. తరగతి తప్పు వేశారనిపిస్తే అది వేరే దారి. కొత్తగా పన్ను కట్టేవారు ఆరు నెలల లోపు లిస్టింగ్ ఆఫీసరుకు రాయాలి. దానికీ ఖర్చు లేదు. తరగతి తగ్గిస్తామని డబ్బు అడిగే వాళ్లకు ఇవ్వవద్దు. తిరిగి చూసినప్పుడు తరగతి పెరగవచ్చు కూడా, అది గుర్తుంచుకోవాలి.

తగాదా నడుస్తోంది కదా అని కట్టడం ఆపకూడదు. ఒప్పుకున్న భాగమైనా కడుతూ ఉండాలి. మిగతా భాగం ఆపి ఉంచమని కౌన్సిలును రాతలో అడగాలి. ఏమీ కట్టకుండా ఊరుకుంటే ముందు గుర్తు చేస్తూ కాగితం వస్తుంది. తర్వాత కోర్టు సమను వస్తుంది. కోర్టు ఖర్చులు బాకీకి కలుస్తాయి. ఆ పైన జీతంలోంచి పట్టుకునే హక్కు, ఇంటికి వసూలు మనుషులను పంపే హక్కు కౌన్సిలుకు వస్తాయి. 540తో పోయేది ఇంకా పెద్దదవుతుంది.

నిజంగా కట్టలేని పరిస్థితి ఉంటే బాకీ తగ్గించే అధికారం కౌన్సిలుకు ఉంది. ఇవ్వడం, ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం. బిల్లు ఆలస్యమైంది తమ వల్ల కాదని చూపగలిగితే ఆ మాట ఇక్కడ పనికొస్తుంది.

వీసా మీద ఉన్న పిల్లలు ఒకటి జాగ్రత్త పడాలి. చాలా వీసాల్లో ప్రభుత్వ సహాయ నిధులు తీసుకోరాదు అనే షరతు ఉంటుంది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఇచ్చే పన్ను తగ్గింపు ఆ షరతు కిందకి వస్తుంది. దానికి దరఖాస్తు పెడితే వీసాకు ఇబ్బంది. విద్యార్థి మినహాయింపు, ఒక్కరే ఉన్నందుకు ఇచ్చే నాలుగో వంతు తగ్గింపు ఆ షరతు కిందకి రావు. అవి ధైర్యంగా అడగవచ్చు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కూడా పని ఉంది. ఏ రోజు వెళ్లిపోతున్నారో కౌన్సిలుకు చెప్పాలి. తాళాలు ఇచ్చినట్టు యజమాని చేత రాయించుకోవాలి. లేకపోతే వెళ్లిపోయిన తర్వాత రోజులకు కూడా పన్ను వాళ్ల పేరు మీదే పడుతూ ఉంటుంది. చివరి బిల్లు ఎక్కడికి పంపాలో అడ్రసు ఇవ్వాలి. లెక్క చూసినప్పుడు ఎక్కువ కట్టి ఉన్నట్టు తేలితే ఆ డబ్బు తిరిగి ఇస్తారు. చాలాసార్లు అడిగితేనే ఇస్తారు.